బరువు ఆమెది, బాధ్యత ఎవరిది?

కొండ మీద జూబ్లీహిల్స్, కొండ దిగువన కృష్ణానగర్. పై వీధులలో స్థూలకాయానికి శస్త్రచికిత్స చేసే పెద్ద ఆసుపత్రులున్నాయి. వారానికొక సూదితో బరువు తగ్గించే కొత్త మందులు రాసే నిపుణులున్నారు. దిగువ సందులలో నివసించే స్త్రీకి దొరికేది మాత్రం ఒకే ఒక్క మాట: "బరువు తగ్గాలమ్మా!" ఆ మాటకు ముందు పరీక్ష ఉండదు, ఆ మాట తరువాత చికిత్స ఉండదు. మోకాళ్ళ నొప్పితో వెళ్ళినా, నెలసరి తప్పిందని వెళ్ళినా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వెళ్ళినా అదే మాట చీటీ మీద రాసి పంపిస్తారు.

మదరసాలో పాఠాలు చెప్పేవారికి స్థూలకాయంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. మేము ఈ సందులలో పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. పిల్లలను దింపడానికి వచ్చే తల్లులు మా ఇంటివారితో చెప్పుకునే కష్టాలలో సగం శరీరానికి సంబంధించినవే. ఫలానా మందు వాడుతూ ఉపవాసం ఉండవచ్చునా, ఫలానా క్యాప్స్యూల్ హలాలేనా అన్న ప్రశ్నలు చివరకు మా వద్దకే చేరతాయి. కొంతకాలం క్రితం ఒక విద్యార్థి తల్లి, "ఆపా, నాలుగేళ్ళలో నలుగురు డాక్టర్లు బరువు తగ్గమన్నారు. ఎట్లా తగ్గాలో ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లో చెబితే తిండి తగ్గించు, పైసా ఖర్చు లేదంటున్నారు" అని అన్నదట. ఆమె మధ్యాహ్నం రెండు దాటాక గానీ అన్నం ముట్టదు. అందరూ తినగా మిగిలినదే ఆమె భోజనం. అటువంటి స్త్రీకి తిండి తగ్గించుకోమని చెప్పడం వైద్యమా, నిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

ముందుగా లెక్కలు చూద్దాము. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు. అంతకు ముందు సర్వేలో అది 20.6 శాతం. తెలంగాణలో ఇది 30 శాతం దాటింది. హైదరాబాదు జిల్లాలోనైతే దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు. నడుము చుట్టుకొలతను ఈ సర్వేలోనే మొదటిసారి తీసుకున్నారు. ఆ కొలతల ఆధారంగా పరిశోధకులు తేల్చినదేమంటే, దేశంలో పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్న స్త్రీలు 40 శాతం, పురుషులు 12 శాతం. తూకం చూస్తే స్త్రీ పురుషులకు అంతగా తేడా లేదు. టేపు పెట్టి చూస్తే ఇంత తేడా! గుండెకు, కాలేయానికి, చక్కెరకు చేటు చేసేది ఈ పొట్ట కొవ్వే.

ఇదే సర్వేలో మరొక సంఖ్య ఉన్నది. తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. అంటే ఒకే రాష్ట్రంలో, పలుమార్లు ఒకే ఇంట్లో, ఒక్కొక్కసారి ఒకే స్త్రీలో బరువూ ఉన్నది, రక్తహీనతా ఉన్నది. తిండి ఎక్కువై లావెక్కిందని అనుకునేవారు ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆమెకు ఎక్కువైనది అన్నం, నూనె, చక్కెర. తక్కువైనది పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు. కృష్ణానగర్ వంటి చోట చవకగా, వేళకాని వేళలో దొరికేది మొదటి జాబితాలోనిదే. రాత్రి పదకొండింటికి షూటింగు ముగించుకొని వచ్చే జూనియర్ ఆర్టిస్టుకు, డ్యాన్సరుకు, కాస్ట్యూములు కుట్టే స్త్రీకి తెరచి ఉన్న కొట్టులో దొరికేవి మిర్చి బజ్జీ, బిస్కెట్టు, చాయ్. తెల్లవారుజామున మళ్ళీ కాల్‌షీటు. నిద్ర చాలకపోవడం ఆకలిని పెంచుతుందని వైద్యశాస్త్రం ఏనాడో చెప్పింది.

ఇంటిపని చేస్తున్నారు కదా, అదే వ్యాయామం కాదా అని పురుషులు అంటుంటారు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటిపనికి స్త్రీ రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నది, పురుషుడు 88 నిమిషాలు. ఆ 289 నిమిషాలలో ఎక్కువ భాగం పొయ్యి ముందు నిలబడడం, వంగి తోమడం, కూర్చుని తరగడం. నడుము నొప్పి తెప్పించేంత శ్రమ అది, గుండెకు మేలు చేసేంత వేగం మాత్రం అందులో ఉండదు. పైగా వేగంగా నడవడానికి కావలసిన అరగంటను కూడా అదే మింగేస్తున్నది. యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు ఉన్నది, కొంచెం పైకి పోతే కేబీఆర్ పార్కు ఉన్నది. ఉదయం ఆరు గంటలకు అక్కడ నడిచేవారిలో మా సందుల స్త్రీలు ఎందరో చూస్తే, పార్కు ఉండడం వేరు, పార్కుకు పోగలగడం వేరని అర్థమవుతుంది. ఆ వేళకు వారు టిఫిను డబ్బాలు కడుతూ ఉంటారు.

వ్యాధి అనడానికి జంకెందుకు?

స్థూలకాయాన్ని వ్యాధిగా చూడడం పాశ్చాత్యుల కొత్త ఆలోచన అని కొందరు భావిస్తారు. వెయ్యేళ్ళ క్రితమే ఇబ్నె సీనా (980-1037) తన వైద్య మహాగ్రంథం అల్ ఖానూన్‌లో మితిమీరిన లావు వలన కలిగే ప్రమాదాలను ప్రత్యేకంగా చర్చించారు. యునానీ వైద్యులు నేటికీ దీనిని సిమ్నె ముఫ్రిత్ అనే పేరుతో ఒక రోగంగానే పరిగణిస్తారు. భోజనప్రియత్వాన్ని ఖండించిన మన పెద్దలే శరీర స్థితిని రోగంగా గుర్తించి మందు వెదికారు. ఈ రెంటినీ కలగలిపి లావైన ప్రతి మనిషినీ తిండిపోతుగా నిందించే అలవాటు మాత్రం మనది.

బరువు పెరగడానికి స్త్రీ శరీరంలో పురుషునికి లేని మలుపులు కొన్ని ఉన్నాయి. యుక్తవయసులో పీసీఓఎస్ అనే అండాశయ సమస్య, ప్రతి కాన్పు తరువాత పూర్తిగా దిగని కొన్ని కిలోలు, నలభై ఐదు దాటాక నెలసరి ఆగే కాలం. వీటికి థైరాయిడ్ లోపం తోడవుతుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక రుగ్మతలకు వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. కాన్పయిన నలభై రోజులు బాలింతను కదలనీయకుండా నేతి హల్వాలు, ఎండుఫలాల లడ్డూలు పెట్టడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. పూర్వం పొలం పనికి మళ్ళీ పోవలసిన స్త్రీకి అది పనికివచ్చి ఉండవచ్చు. రెండు గదుల ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చునే స్త్రీకి అది వేరు ఫలితాన్నిస్తుంది. ఇంత పెట్టి పెంచిన అత్తగారే ఏడాది తిరక్కుండా, "కోడలు పీపాలా అయింది" అని నలుగురిలో అంటుంటే వినవలసి రావడం మాకు కొత్త కాదు.

ఆసుపత్రిలో ఎదురయ్యే చిన్నచూపు మరొకటి. బరువు చూసే యంత్రం వరండాలో, నలుగురి కళ్ళ ముందు ఉంటుంది. ఆయా సంఖ్యను బిగ్గరగా చెబుతుంది. మరుసటిసారి ఆ స్త్రీ ఆసుపత్రికి రాదు. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. లావైన చేతికి చిన్న పట్టీ కట్టి రక్తపోటు చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. పెద్ద పట్టీ ఉండాలి. అది లేని చోట లేని బీపీకి మందు మింగవలసి వస్తుంది. అడగడం రోగి హక్కు. "పెద్ద పట్టీతో చూడండి డాక్టరమ్మా" అనడంలో అమర్యాద ఏమీ లేదు.

సూచీ సంఖ్యల విషయంలోనూ మనకు న్యాయం జరగాలంటే మన కొలతలు మనకుండాలి. బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. భారతీయులకు తక్కువ బరువులోనే పొట్ట కొవ్వు చేరుతుంది కనుక మన వైద్యులు 2009లోనే 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని నిర్ణయించుకున్నారు. ఐదడుగుల స్త్రీ 58 కిలోలకు చేరితే ఆమె బీఎంఐ 25 అయినట్లే. నడుము కొలత స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక నియమించిన అంతర్జాతీయ నిపుణుల సంఘం మరొక అడుగు వేసింది. కేవలం బీఎంఐ చూసి రోగి అని ముద్ర వేయవద్దని, నడుము కొలత కూడా తీసుకోవాలని, కొవ్వు వలన అవయవాలు దెబ్బతిన్నాయా లేదా చూసి, దెబ్బతింటే దానిని రోగంగా గుర్తించి చికిత్స చేయాలని సూచించింది. మాకు ఇది సబబుగా తోస్తున్నది. బొద్దుగా ఉన్న ఆరోగ్యవంతురాలిని వేధించరాదు, జబ్బు పడినదానిని సలహాతో సరిపెట్టి పంపరాదు.

అమీర్‌పేట ఫ్లెక్సీలు

ప్రభుత్వ వైద్యం సలహా దగ్గర ఆగిపోయిన చోట అంగళ్ళు తెరుచుకుంటాయి. అమీర్‌పేట నుండి పంజాగుట్ట దాకా శిక్షణ కేంద్రాల ఫ్లెక్సీల నడుమ "నెలకు పది కిలోలు" అని పిలిచే బోర్డులు ఎన్నో. మాకు తెలిసిన ఒక ఇల్లాలు చిట్టీ ఎత్తిన సొమ్ము అటువంటి ఒక కేంద్రంలో పోసి, మూడు నెలలు పేరూ ఊరూ లేని పొడి తాగి, గుండెదడతో మంచాన పడింది. ఆ పొడిలో ఏమున్నదో ఎవరూ చెప్పలేదు. ఆకలి చంపే సిబుట్రమిన్ అనే మందును గుండెకు ప్రమాదమని మన దేశంలో 2011లోనే నిషేధించారు. మూలికల పేరిట అమ్మే పొడులలో దానిని కలిపిన ఉదంతాలు ప్రపంచమంతటా బయటపడ్డాయి. చట్టం ఎప్పుడో ఉన్నది. 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం షెడ్యూలులో స్థూలకాయం పేరు ఉన్నది. దానిని నయం చేస్తుందని ఏ మందుకూ జనానికి ప్రకటన ఇవ్వరాదు. డెబ్బై ఏళ్ళ నాటి ఈ నిషేధాన్ని ఫ్లెక్సీలు అచ్చువేసేవారు విన్నట్లు లేదు.

సినిమా మీద బతికే పేట గనుక ఇక్కడ శరీరం ఒక పెట్టుబడి. లావైతే పిలుపు రాదు, లేదా హాస్యానికే పిలుస్తారు. 2015 జూన్ 6న నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. మరణానికి ఏది కారణమని తీర్పు చెప్పడం మా పని కాదు. అదే ఏడాది నవంబరులో స్లిమ్మింగ్ కేంద్రాల మోసం మీద 'సైజ్ జీరో' అనే చిత్రం వచ్చిందని ఈ పేటవారు చెప్పారు. మేము సినిమాలు చూసేవారము కాము కానీ, విషయం సరైనదే. పాఠకులు గుర్తుంచుకోవలసిన తేడా ఒకటున్నది. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును గొట్టంతో తీసివేసే అలంకార చికిత్స. అది స్థూలకాయానికి వైద్యం కాదు. చక్కెర వ్యాధినీ, రక్తపోటునూ అది తగ్గించదు. జీర్ణాశయం పరిమాణం తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేరు. అది ప్రమాదకర స్థాయిలో ఉన్నవారికి ప్రాణం నిలిపే వైద్యం.

ఆ వైద్యం ప్రైవేటులో లక్షల మాట. 2022లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 240 కిలోల బరువున్న ఒక యువకునికి బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేసి, సర్కారు దవాఖానాలో కూడా ఇది సాధ్యమేనని చూపించారు. సాధ్యమన్న తరువాత అది ఒక్కరితో ఆగిపోకూడదు. మాకు నడిచిపోయేంత దూరంలో పంజాగుట్టలో నిమ్స్ ఉన్నది, అందులో ఎండోక్రైనాలజీ విభాగం ఉన్నది. మా సందుల స్త్రీలకు ఆ విభాగం పేరే తెలియదు. వారిని అక్కడికి పంపవలసిన కింది స్థాయి వైద్యుడు "బరువు తగ్గాలమ్మా" దగ్గరే ఆగిపోతున్నాడు.

బీమా ఉన్నవారి సంగతి చూద్దాము. బీమా నియంత్రణ సంస్థ 2019 సెప్టెంబరులో స్థూలకాయ శస్త్రచికిత్సకు బీమా ఎప్పుడు వర్తిస్తుందో దేశమంతటికీ ఒకే నియమం చేసింది. వైద్యుని సలహా ఉండాలి, 18 ఏళ్ళు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. 35 ఉంటే, ఇతర పద్ధతులు విఫలమై, తోడుగా తీవ్రమైన వ్యాధి ఉండాలి. ఐదడుగుల స్త్రీకి 40 అంటే సుమారు 93 కిలోలు, 35 అంటే 81 కిలోలు. తోడు వ్యాధుల జాబితాలో ఉన్నవి నాలుగు: స్థూలకాయం వలన వచ్చిన గుండె కండర వ్యాధి, గుండె రక్తనాళాల వ్యాధి, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్ర వ్యాధి, అదుపులోకి రాని మధుమేహం. పీసీఓఎస్ ఈ జాబితాలో లేదు. సంతానలేమి లేదు. నమాజులో కూర్చుని లేవనీయని మోకాళ్ళ అరుగుదల లేదు. దగ్గితే, తుమ్మితే మూత్రం జారే బాధ లేదు. వుజూ నిలవక ఎందరు స్త్రీలు ఈ బాధను లోలోపల మింగుకుంటున్నారో మా ఇంటివారికి తెలుసు. బరువు వలన స్త్రీ ఎక్కువగా పడే బాధలే లెక్కలోకి రాలేదన్నమాట. ఈ జాబితాను తిరగరాయించవలసిన అవసరం ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఇక కొత్త సూదుల మాట. 2025 మార్చిలో మౌంజారో అనే టిర్జెపటైడ్ మందు మన దేశానికి వచ్చింది. వారానికొక సూది. వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 ఉండేది. అంటే నెలకు 14,000 నుండి 17,500. అదే ఏడాది జూన్‌లో సెమాగ్లుటైడ్ మందు వెగోవీ నెలకు 17,345 రూపాయలతో మొదలై, నవంబరులో 10,850కి దిగింది. ఎంత దిగినా మా సందులో అది ఇంటి అద్దెతో పోటీపడే సొమ్మే. సెమాగ్లుటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చి వరకే. పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసుకొనే విషయంలో న్యాయస్థానంలో వాదించినది మన నగరపు డాక్టర్ రెడ్డీస్ సంస్థే. మందు తయారయ్యే ఊరిలోనే మందు అందని స్త్రీలుండడం విడ్డూరం. 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందుల మీద మార్గదర్శకాలు ఇస్తూ, ఆహారం, వ్యాయామం విషయంలో నిరంతర తోడ్పాటుతో కలిపి వాడాలన్నది, ధనికులకే పరిమితం కాకుండా చూడాలని కూడా కోరింది.

అందరూ ఈ సూదులకు ఎగబడమని మేము చెప్పడం లేదు. ఆపివేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. వాంతులు, పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమగ్రంథి వాపు రావచ్చు. గర్భిణులు వాడరాదు. సెమాగ్లుటైడ్‌ను గర్భం కోరుకునే రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. ఇది తెలియక చిక్కుల్లో పడేది స్త్రీయే. ఇక మాకు తరచు వచ్చే ప్రశ్న. సెమాగ్లుటైడ్ ఈస్టు కణాల సాయంతో తయారవుతుంది, టిర్జెపటైడ్ రసాయన సంశ్లేషణతో. సందేహం కలిగితే అది పాత ఓర్లిస్టాట్ వంటి క్యాప్స్యూళ్ళ పై తొడుగు జెలటిన్ విషయంలోనే కలగాలి. మందుల షాపులో అట్ట మీద చదివించి తెలుసుకోవచ్చు. రమజానులో ఉపవాసముండే మధుమేహ రోగులు ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే నెల ముందే వైద్యుని కలిసి మోతాదు సరిచేసుకోవాలి. ఇఫ్తారులో హలీము ఎంత తిన్నా పుణ్యమే అనుకునేవారికి మేము చెప్పగలిగింది లేదు.

నఫఖాలో మందు ఖర్చు ఉన్నదా?

ఇప్పుడు మా చదువుకు సంబంధించిన ప్రశ్నకు వస్తాము. "ఇంట్లో చెబితే పైసా ఖర్చు లేదంటున్నారు" అన్న ఆ తల్లి మాట మమ్మల్ని గ్రంథాల వైపు మళ్ళించింది. కొందరు భర్తలు, అంతో ఇంతో చదువుకున్నవారు, భార్య వైద్య ఖర్చు షరీఅత్ ప్రకారం తమ మీద విధి కాదని వాదిస్తున్నారు. నిజం దాచనక్కరలేదు. హనఫీ సహా ప్రాచీన ఫిఖహ్ గ్రంథాలలో అధికభాగం నఫఖా అంటే అన్నం, వస్త్రం, నివాసం అనే చెప్పాయి. వైద్యుని రుసుమును, మందు వెలను అందులో చేర్చలేదు. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు మరమ్మతు బాధ్యత వహించడన్న పోలికను కొందరు తెచ్చారు. ఆ పోలిక మాకు ఏనాడూ మింగుడుపడలేదు.

అయితే ఆ కాలాన్ని గుర్తించాలి. ఆనాడు చాలామంది జీవితంలో వైద్యుడు నిత్యావసరం కాదు. ఇంటి చిట్కాలతో, పథ్యంతో రోజులు గడిచేవి. ఫుఖహాలు తమ కాలపు వాడుకను బట్టి నఫఖాను నిర్ణయించారు. వాడుక మారితే దాని మీద ఆధారపడిన తీర్పు మారుతుందన్నది వారు మనకు నేర్పిన సూత్రమే. మన కాలపు పండితుడు, డమాస్కస్‌కు చెందిన వహబా జుహైలీ (1932-2015), నేడు వైద్యం అన్నపానాలంత అవసరమైపోయిందనీ, అందుచేత భార్య చికిత్స ఖర్చు భర్త మీద ఉంటుందనీ స్పష్టంగా రాశారు. మేము ఆ అభిప్రాయాన్నే మా తరగతిలో బోధిస్తున్నాము. తన మోటారు సైకిలు మరమ్మతుకు వేలు పోసే మనిషి భార్య థైరాయిడ్ పరీక్ష దగ్గర పాత గ్రంథాలు గుర్తు చేసుకోవడం విచిత్రంగా ఉంటుంది.

స్త్రీ వైద్యురాలు దొరకలేదని వాయిదా వేసేవారికి కూడా ఒక మాట. స్త్రీ వైద్యురాలు ఉంటే ఆమె వద్దకే పోవడం ఉత్తమం. లేనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యునికి చూపించుకోవడానికి ధర్మశాస్త్రం అనుమతించింది. జకాతు పంచే సంఘాలకు మా విన్నపం వేరు. గుండె ఆపరేషనుకు చేయి చాచిన పేదకు ఇస్తాము, స్థూలకాయం అనగానే తినడం మానమంటాము. రోగి పేద అయినప్పుడు రోగం పేరు చూసి చేయి వెనక్కు తీసుకోవడానికి ఆధారమేమీ మాకు కనిపించలేదు.

మంగళవారం దవాఖానా

ఉన్న సదుపాయాలను కూడా మనం వాడుకోవడం లేదన్నది చేదు నిజం. 2018 నుండి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. వైద్యం, మందులు ఉచితం. అక్కడ తీసిన రక్త నమూనాలను తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి పంపి ఉచితంగానే పరీక్షిస్తారు. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఎంపిక చేసిన ఆసుపత్రులలో ప్రతి మంగళవారాన్ని స్త్రీలకే కేటాయించారు. మొదట 100 కేంద్రాలలో, వైద్యురాలి నుండి సహాయకురాలి దాకా స్త్రీలే ఉండేలా ఏర్పాటు చేశారు. అందులో పెట్టిన ఎనిమిది రకాల సేవలలో పీసీఓఎస్, నెలసరి సమస్యలు, మెనోపాజ్ ఉన్నాయి, బరువు నియంత్రణ కూడా ఉన్నది. పర్దా పాటించే స్త్రీకి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏమి కావాలి? కానీ మా సందులలో అడిగితే ఈ మంగళవారం సంగతి తెలిసినవారు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. తెలిసినవారిలో ఇద్దరు పనికి పోవలసి ఉండడం చేత వెళ్ళలేకపోయారు. దినసరి కూలితో బతికే పేటలో మంగళవారం ఉదయంతో పాటు ఏదో ఒక సాయంత్రం కూడా తెరచి ఉంచితే తప్ప ఈ ఏర్పాటు పూర్తి న్యాయం చేయదు.

ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త చేతిలోని ఫారంలో ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరి నడుము కొలత రాయవలసిన గడి ఉన్నది. స్త్రీకి 80 లోపు, 81 నుండి 90, 90 పైన అని మూడు వరుసలు. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, తల్లిదండ్రుల జబ్బులు కలిపి మార్కులు నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. ఆ గడిని కంటితో చూసి అంచనాగా నింపనీయకండి. టేపు పెట్టి కొలవమని అడగండి. గుమ్మం వెనుక కొలవమన్నా ఆమె కాదనదు, ఆమే ఒక స్త్రీ కదా.

మా మదరసా హాలు జుహ్ర్ తరువాత అస్ర్ దాకా ఖాళీగా ఉంటుంది. వారానికి నాలుగు రోజులు ఆ వేళ తల్లులు నడవడానికి, చేతులు కాళ్ళు ఆడించడానికి దానిని ఇచ్చాము. కిటికీలకు తెరలు వేయించడం, ఒక టేపు, ఒక బరువు యంత్రం కొనడం మినహా వేరే ఖర్చు కాలేదు. యంత్రాన్ని మూలన, తెర వెనుక పెట్టాము. సంఖ్య చూసేది ఎవరిది వారే. మొదటి వారం ముగ్గురు వచ్చారు. ఇప్పుడు వేళకు ముందే చెప్పులు గుమ్మం నిండుతున్నాయి. ఒకరిద్దరికి నడుము కొంత తగ్గింది, చాలామందికి తగ్గలేదు. కానీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని, నిద్ర పడుతోందని అంటున్నారు. తూకం మారకపోయినా చక్కెర, రక్తపోటు మెరుగుపడవచ్చునని వైద్యులు కూడా చెబుతారు. ఇదే వైద్యం అనడం లేదు. 93 కిలోల స్త్రీని హాలులో నడిపించి మా పని అయిపోయిందనుకుంటే మేమూ ఆ చీటీ రాసిన వైద్యుని వరుసలోనే చేరతాము.

మంగళవారం వెళ్ళదలచిన సోదరీమణులు ఆధార్ కార్డు, పాత చీటీలు, ప్రస్తుతం వాడుతున్న మందుల అట్టలు వెంట తీసుకువెళ్ళాలి. ఆఖరి నెలసరి తేదీ, కాన్పుల సంఖ్య, ఒక్కొక్క కాన్పు తరువాత పెరిగిన బరువు గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకోవాలి. పరగడుపున వెళ్తే రక్త పరీక్షకు మళ్ళీ తిరగవలసిన పని ఉండదు. చక్కెర, కొలెస్టరాలు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడమని కోరాలి. గురక, పగటి మగత ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఆరోగ్యశ్రీ కార్డు పరిమితి 2023 డిసెంబరు 9 నుండి 10 లక్షలు అయింది. పెద్ద చికిత్స అవసరమన్నారంటే ఆ చికిత్స పేరు జాబితాలో ఉన్నదీ లేనిదీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి. వైద్యురాలు "బరువు తగ్గాలమ్మా" అంటే లేచి రాకూడదు. ఎంత తగ్గాలి, ఎన్ని నెలలలో, అంతవరకు ఏ మందు, తగ్గకపోతే ఏ ఆసుపత్రికి పంపుతారు, మళ్ళీ ఏ తేదీన రావాలి అని అడిగి, జవాబులు ఆ చీటీ మీదనే రాయించుకొని రావాలి.